బోర్డింగ్‌లో కుక్కపిల్లకు పార్వో వస్తే ఏం చేయాలి: మొదటి గంట నుంచి మళ్లీ తెరిచే రోజు దాకా

“మా బోర్డింగ్‌లో ఒక పిల్ల పొద్దుటి నుంచి వాంతులు చేసుకుంటోంది, విరేచనంలో రక్తం పడుతోంది, పక్క గదుల్లో ఇంకా కుక్కలున్నాయి, ఏం చేయమంటారు?” ఈ ప్రశ్న రకరకాలుగా మళ్లీ మళ్లీ వస్తూనే ఉంది. ఇలాంటప్పుడు మొదట అనుమానించాల్సింది పార్వోను, అంటే కుక్కపిల్లల పేగుల్ని దెబ్బతీసే, త్వరగా అంటుకునే వైరస్ జబ్బును. ఒక్కొక్కరికీ విడిగా జవాబు చెప్పే బదులు మొత్తం ఒకచోట రాస్తున్నాను. కెన్నెల్ (యజమానులు లేనప్పుడు కుక్కల్ని ఉంచి చూసుకునే బోర్డింగ్) నడిపేవాళ్లకు, అందులో పనిచేసేవాళ్లకు, ఇంట్లోనే నాలుగైదు కుక్కల్ని పెట్టుకుని చూసుకునేవాళ్లకు కూడా ఇది పనికొస్తుంది.

ఈ ప్రశ్న అడిగేవాళ్లలో చాలామంది అప్పటికే బకెట్ పట్టుకుని నేల కడుగుతూ ఉంటారు. కంగారులో ముందు తోచే పని అదే. కానీ పార్వోలో మొదట చేయాల్సింది కడగడం కాదు, కదలికలు ఆపడం. మనుషులు, కుక్కలు, గిన్నెలు, చీపుర్లు ఎక్కడివక్కడ ఆగిపోతే జబ్బు కూడా ఆ గదిలోనే ఆగిపోయే అవకాశం ఉంది. అదే తడి చీపురుతో గది గదికీ తిరిగితే వైరస్‌ను మన చేతులతో మనమే పంచినట్టు.

పని మొదలుపెట్టడానికి తెలియాల్సిన సిద్ధాంతం కొంచెమే. వైరస్ సోకిన కుక్కపిల్లలో లక్షణాలు మామూలుగా 3 నుంచి 7 రోజుల్లో కనిపిస్తాయి, ఒక్కోసారి 14 రోజుల దాకా పట్టవచ్చు. కానీ సోకిన మూడు నాలుగు రోజులకే మలంలో వైరస్ రావడం మొదలవుతుంది. అంటే మీరు మొదటి వాంతి చూసేసరికే ఆ పిల్ల ఒకటి రెండు రోజులుగా నేలంతా వైరస్ వదులుతూ ఉండవచ్చు. ఈ వైరస్ చాలా మొండిది. మలం ఎండిపోయినా, నేల శుభ్రంగా కనిపిస్తున్నా నెలల తరబడి బతికే ఉంటుంది. చేతులకు రాసుకునే శానిటైజర్‌కు చావదు. ఇది మనుషులకు సోకదు, కానీ మన చెప్పులు, చేతులు, బట్టల మీద కూర్చుని ఇంకో కుక్క దాకా వెళుతుంది. ఇప్పుడు తిరుగుతున్న రకాలు పిల్లులకూ సోకగలవు కాబట్టి మీ దగ్గర పిల్లులు కూడా ఉంటే వాటినీ లెక్కలోకి తీసుకోండి.

దగ్గర ఉండాల్సినవి

కేసు వచ్చాక వెతుక్కోవద్దు. ఇవన్నీ ఒక మూత ఉన్న డబ్బాలో పెట్టి, డబ్బాను ఐసోలేషన్ గది (జబ్బు పిల్లను విడిగా ఉంచే గది) తలుపు బయటే ఉంచండి.

- వాడి పారేసే గ్లౌజులు, ఒళ్లంతా కప్పే గౌన్లు. గౌన్లు లేకపోతే ఆ గదిలోనే వేసుకుని అక్కడే విప్పేసే పాత చొక్కాలు, ప్యాంట్లు
- ఆ గదికే పరిమితమైన రబ్బరు బూట్లు
- విడిగా ఒక చీపురు, తుడుపుకర్ర, చేట, బకెట్, గిన్నెలు, లీష్ (కుక్కను పట్టుకునే తాడు). అన్నింటికీ ఒకే రంగు టేపు చుట్టండి. ఎర్ర టేపు ఉన్న వస్తువు ఇంకే గదిలో కనిపించినా తప్పు జరిగిందని వెంటనే తెలుస్తుంది
- మామూలు డిటర్జెంట్
- సోడియం హైపోక్లోరైట్ ద్రావణం, అంటే లిక్విడ్ బ్లీచ్. సీసా మీద శాతం, తయారీ తేదీ ఉన్నదే తీసుకోండి. కొలవడానికి గీతలున్న జార్ కూడా కావాలి
- డిజిటల్ థర్మామీటర్లు రెండు: ఒకటి జబ్బు గదికి, ఇంకొకటి మిగతావాటికి
- మందపాటి చెత్త సంచులు
- ఒక నోటుబుక్కు, గోడ గడియారం
- మీ వెట్ (పశువుల డాక్టరు) నంబరు, రాత్రిపూట తెరిచి ఉండే దగ్గరి పశువుల ఆసుపత్రి నంబరు, ప్రతి కుక్క యజమాని నంబరు రాసిన కాగితం
- ప్రతి కుక్క వ్యాక్సిన్ కార్డు ఫొటో

బ్లీచ్ వాసన పడనివాళ్లు, ఇనుప పంజరాలు తుప్పు పడుతున్నాయనుకునేవాళ్లు పొటాషియం పెరాక్సీమోనోసల్ఫేట్ పొడి గానీ, యాక్సిలరేటెడ్ హైడ్రోజన్ పెరాక్సైడ్ ద్రావణం గానీ వాడుకోవచ్చు. లేబుల్ మీద పార్వో పేరు ఉందో లేదో చూసి, అందులో చెప్పిన పాళ్లు, చెప్పినంత సమయం పాటించండి. మామూలు హైడ్రోజన్ పెరాక్సైడ్ సీసా దీనికి బదులు కాదు.

అడుగు 1. అందరినీ ఎక్కడివాళ్లను అక్కడే ఆపండి

వాంతి, నీళ్ల విరేచనం, తిండి మానేయడం, ముడుచుకుని పడుకోవడం. ఆరు వారాల నుంచి ఆరు నెలల వయసున్న పిల్లలో వీటిలో రెండు కనిపిస్తే చాలు, పరీక్ష ఫలితం కోసం చూడకుండా పార్వో అనుకునే మొదలుపెట్టండి. రక్తం కనిపించేదాకా ఆగడం పెద్ద పొరపాటు, ఎందుకంటే మొదటి రోజు రక్తం లేకపోవచ్చు. తొలి గంటల్లో చాలా పిల్లలు ఒకే తీరుగా ఉంటాయి: నీళ్ల గిన్నె దగ్గరికి వెళ్లి, తల గిన్నె మీదికి వాల్చి, తాగకుండా అలాగే నిలబడిపోతాయి. కడుపులో వికారం ఉంటే అలా చేస్తాయి. పక్కన కూర్చుని పిలిచినా తోక కొంచెం కదిలిస్తాయి తప్ప తల ఎత్తవు. అప్పటికి వాంతి కూడా మొదలై ఉండకపోవచ్చు. ఈ దృశ్యం చూసి గుర్తుపట్టడం మీ సిబ్బందిలో ప్రతి ఒక్కరికీ నేర్పించండి.

అనుమానం వచ్చిన నిమిషం నుంచి: ఆట స్థలం మూసేయండి. కొత్త కుక్కల్ని తీసుకోవద్దు, ఉన్నవాటిని పంపవద్దు. నడకకు తీసుకెళ్లినవాటిని తిరిగి వాటి గదుల్లోకే చేర్చండి. ఎవరి చేతిలో చీపురు ఉంటే అక్కడే పెట్టేయమనండి.

అడుగు 2. జబ్బు పిల్లను వేరు చేయండి

దాన్ని నడిపించవద్దు. నడిచిన దారంతా కడగాల్సి వస్తుంది. పాత దుప్పటిలో చుట్టి, వెనుక భాగం కింద ఒక పీల్చుకునే ప్యాడ్ పెట్టి, ఎత్తుకుని వెళ్లండి. ఎత్తుకున్న మనిషి ఆ రోజు ఇక మిగతా కుక్కల దగ్గరికి వెళ్లకూడదు. బట్టలు మార్చుకుని స్నానం చేసినా సరే, ఆ రోజుకు దూరంగా ఉంచడమే నయం.

ఐసోలేషన్ గది అంటే విడి తలుపు, విడి నీళ్ల పారుదల ఉన్న గది. మిగతా గదుల కాలువలోకే దీని నీళ్లు పారితే అది ఐసోలేషన్ కాదు. అలాంటి గది లేకపోతే స్నానాల గది, కడగడానికి వీలైన స్టోర్ రూమ్ ఏదైనా ఖాళీ చేయండి. అదీ కుదరకపోతే పిల్లను నేరుగా ఆసుపత్రికి పంపండి. నిజానికి ఎక్కువ కెన్నెళ్లకు ఇదే మంచి దారి అని నా అభిప్రాయం. పార్వో పిల్లను దగ్గర పెట్టుకుని మిగతావాటిని కాపాడటానికి సరిపోయేంత సిబ్బంది అందరి దగ్గరా ఉండరు.

పిల్ల ఉన్న పాత గదికి తాళం వేయండి. ఇప్పుడే కడగవద్దు. అక్కడి మలం కొంచెం పరీక్షకు అవసరం కావచ్చు.

అడుగు 3. వెట్‌కు ఫోన్ చేయండి, రేపటికి వాయిదా వేయవద్దు

చికిత్స అందకపోతే ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో ఎక్కువ భాగం చనిపోతాయి, అదీ లక్షణాలు మొదలైన రెండు మూడు రోజుల్లోనే. సకాలంలో ఆసుపత్రిలో సెలైన్, వాంతులు ఆపే మందు, యాంటీబయాటిక్‌లు, త్వరగా మొదలుపెట్టే తేలికపాటి ఆహారం అందితే ఎక్కువ భాగం బతుకుతాయి. ఈ రెండింటి మధ్య తేడా అంతా గంటల్లోనే ఉంటుంది.

ఫోన్‌లో ఇవి వరసగా చెప్పండి: వయసు, బరువు, ఎప్పటి నుంచి ఏ లక్షణం, ఎన్నిసార్లు వాంతి, విరేచనం రంగు, ఉష్ణోగ్రత, వ్యాక్సిన్ తేదీలు, ఏదైనా మింగి ఉండే అవకాశం. “పార్వో అనుమానం” అని మొదటి మాటలోనే చెప్పండి. అప్పుడు వాళ్లు మిమ్మల్ని వెయిటింగ్ హాల్లో కూర్చోబెట్టకుండా వేరే దారిలో లోపలికి తీసుకుంటారు, లేదా కారు దగ్గరికే వస్తారు.

మలం పరీక్ష కిట్‌తో ఫలితం పావుగంటలోపే వస్తుంది. అయితే రెండు విషయాలు గుర్తుంచుకోండి. నెగటివ్ వచ్చినంత మాత్రాన పార్వో కాదని తేలినట్టు కాదు. జబ్బు మరీ మొదట్లో ఉన్నా, విరేచనం మరీ నీళ్లలా పలచనైనా నెగటివ్ రావచ్చు. లక్షణాలు కొనసాగుతుంటే మర్నాడు మళ్లీ చేయించండి, లేదా పీసీఆర్ (ల్యాబ్‌లో వైరస్ జన్యువును వెతికే పరీక్ష) అడగండి. ఇక ఈ మధ్యే వ్యాక్సిన్ వేయించిన పిల్లలో ఆ వ్యాక్సిన్ వల్లే పాజిటివ్ రావచ్చు. కానీ వాంతులు, విరేచనాలు ఉన్న పిల్లలో పాజిటివ్ వస్తే “వ్యాక్సిన్ వల్లేలే” అని మీకు మీరు సర్దిచెప్పుకోవద్దు. ఆ మాట చెప్పాల్సింది డాక్టరు. పురుగులు, జియార్డియా (పేగుల్లో చేరే సూక్ష్మ పరాన్నజీవి), మింగిన బొమ్మ ముక్క పేగులో అడ్డుపడటం, ఇవన్నీ పార్వోలాగే కనిపించగలవు కాబట్టి డాక్టరు ఇంకా పరీక్షలు అడిగితే కాదనకండి.

యజమాని ఆసుపత్రి ఖర్చు భరించలేనంటే అక్కడితో ఆశ వదిలేయవద్దు. అవుట్‌పేషెంట్ పద్ధతి ఉందా అని డాక్టర్ని అడగండి. చర్మం కింద సెలైన్, ఎక్కువ కాలం పనిచేసే యాంటీబయాటిక్, వాంతుల మందుతో రోజూ చూపిస్తూ నయం చేసే పద్ధతి ఇది. అమెరికాలోని కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో రూపొందించారు. 2017లో ప్రచురించిన వాళ్ల అధ్యయనంలో 40 కుక్కపిల్లల్ని రెండు గుంపులు చేసి చూస్తే, ఆసుపత్రిలో ఉంచినవాటిలో 90 శాతం, ఈ పద్ధతిలో చూసినవాటిలో 80 శాతం బతికాయి. అయితే ముందు శిరలోకి సెలైన్ ఎక్కించి పిల్లను స్థిమితపరిచాకే రెండు గుంపులుగా విడదీశారు. ఇది ఇంటి వైద్యం కాదు, డాక్టరు చేతిలో నడిచే చికిత్స.

ఆసుపత్రికి చేరేలోపు చేయకూడనివి: వాంతి చేసుకుంటున్న పిల్ల నోట్లోకి సిరంజీతో నీళ్లు, గంజి పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి వెళ్లవచ్చు. విరేచనాలు ఆపడానికి మనుషులు వాడే మాత్ర వేయవద్దు. జ్వరం ఉందని పారాసెటమాల్, ఐబుప్రోఫెన్ అసలు ముట్టుకోవద్దు, అవి కుక్కలకు విషమవుతాయి. ఒళ్లు చల్లబడుతుంటే దుప్పటి చుట్టి వెచ్చగా ఉంచండి. మీరు చేయగల ప్రథమ చికిత్స దాదాపు అంతే.

అడుగు 4. మిగతా కుక్కల్ని మూడు గుంపులు చేయండి

అసలు పని ఇక్కడుంది. ఒక అరగంట కూర్చుని చేయాల్సిన పని ఇది, పరుగెత్తుతూ చేయలేరు.

నోటుబుక్కులో జబ్బు పిల్ల వచ్చిన రోజు నుంచి ఇవాళ్టి దాకా ప్రతి రోజుకూ ఒక గీత గీయండి. ఆ పిల్ల ఏ గదిలో ఉంది, ఏ వేళకు ఆట స్థలంలో ఉంది, దాని తర్వాత ఆ స్థలంలోకి ఎవరు వెళ్లారు, దాని గిన్నె ఏ తొట్టిలో కడిగారు, దాన్ని ఎవరు చూసుకున్నారు, ఆ మనిషి తర్వాత ఏ గదిలోకి వెళ్లాడు. సిబ్బందిని ఒక్కొక్కర్నీ విడిగా అడగండి. తిట్టకుండా అడగండి. తిడతారనిపిస్తే “నేను చేతులు కడుక్కునే వెళ్లాను” అనే జవాబే వస్తుంది.

ఇప్పుడు గుంపులు:

ఒకటి, లక్షణాలున్నవి. ఇవి ఐసోలేషన్‌కు లేదా ఆసుపత్రికి.

రెండు, లక్షణాలు లేవు కానీ పై జాబితాలో ఎక్కడో ఒకచోట ఆ పిల్లతో కలిసినవి. ఇవి 14 రోజుల పరిశీలనలో. వీటిని జబ్బు పిల్లతో కలపవద్దు. ఎలాగూ తగిలింది కదా అని ఒకే గదిలో పెట్టడం చాలాచోట్ల చూస్తున్నాను. తగిలిందో లేదో తెలియని కుక్కకు కచ్చితంగా తగిలించడమే అది.

మూడు, ఏ సంబంధమూ లేనివి. నిజంగా ఏ సంబంధమూ లేకపోతేనే ఈ గుంపులో వేయండి. అనుమానం ఉంటే రెండో గుంపే.

తర్వాత ప్రతి కుక్క వ్యాక్సిన్ కార్డు తెరిచి తేదీలు చదవండి. “మూడు డోసులు అయ్యాయి” అనే మాటను నమ్మవద్దు. డోసుల సంఖ్య కంటే చివరి డోసు ఏ వయసులో వేశారన్నదే ముఖ్యం. తల్లి నుంచి పిల్లకు వచ్చిన రక్షణ కొన్ని వారాల పాటు వ్యాక్సిన్‌ను పనిచేయనివ్వదు. అందుకే 6 నుంచి 8 వారాల వయసులో మొదలుపెట్టి రెండు నుంచి నాలుగు వారాలకొకసారి వేస్తూ, చివరి డోసు 16 వారాలకు గానీ ఆ తర్వాత గానీ వేయాలని ప్రపంచ చిన్న జంతువుల వెటర్నరీ సంఘం మార్గదర్శకాలు చెబుతాయి. 12 వారాలకే ఆపేసిన పిల్ల కార్డులో మూడు స్టిక్కర్లు ఉన్నా దాన్ని రక్షణ లేనిదిగానే చూడండి.

రెండు, మూడు గుంపుల్లో డోసులు పూర్తికానివాటికి వెంటనే వ్యాక్సిన్ వేయించవచ్చా అని వెట్‌ను అడగండి. తల్లి రక్షణ అడ్డులేని కుక్కలో వ్యాక్సిన్ కొద్ది రోజుల్లోనే పనిచేయడం మొదలుపెడుతుంది కాబట్టి చాలాసార్లు వేయమనే చెబుతారు. అయితే అప్పటికే వైరస్ లోపలికి వెళ్లి ఉంటే ఈ డోసు దాన్ని ఆపలేదు. వేయించాం కదా అని పరిశీలన మానేయవద్దు.

అడుగు 5. యజమానులకు అదే రోజు చెప్పండి

జబ్బు పిల్ల యజమానికే కాదు, ఆ రోజుల్లో మీ దగ్గర ఉండి ఇంటికి వెళ్లిపోయిన కుక్కల యజమానులకు కూడా. దాచిపెట్టాలనే ఆలోచన రావడం సహజం, వ్యాపారం పోతుందన్న టెన్షన్ ఉంటుంది. కానీ ఇంటికి వెళ్లిన పిల్ల నాలుగో రోజు వాంతి చేసుకుంటే ఆ యజమాని “ఏదో పడలేదులే” అనుకుని రెండు రోజులు వృథా చేస్తాడు. మీ ఒక్క ఫోన్ కాల్ ఆ రెండు రోజుల్ని కాపాడుతుంది.

మాటలు వెతుక్కోకుండా ఇలా చెప్పవచ్చు: “అండీ, మీ కుక్క ఇక్కడున్న రోజుల్లోనే ఇంకో పిల్లకు పార్వో వచ్చింది. మీ కుక్క చివరగా ఇక్కడున్న రోజు నుంచి 14 రోజులు వేరే కుక్కలతో కలపకండి, పార్కుకు తీసుకెళ్లకండి. తిండి మానేసినా, వాంతి అయినా, విరేచనాలైనా వెంటనే వెట్‌కు ఫోన్ చేసి పార్వో సంగతి ముందే చెప్పండి. వ్యాక్సిన్ కార్డు ఒకసారి వాళ్లకు చూపించండి.” పిల్ల పేరు, దాని యజమాని పేరు ఎవరికీ చెప్పకండి.

అడుగు 6. ఇప్పుడు కడగండి

వరస మారకూడదు. కుక్కల్ని ముందు బయటికి తీయండి, కిటికీలు తెరవండి, గ్లౌజులు వేసుకోండి.

ముందు మలం, వాంతి, పరుపు ముక్కలు, బొమ్మలు ఏరి సంచిలో వేసి మూతి కట్టండి. గుడ్డ పరుపులు, చెక్క వస్తువులు, నమిలిన బొమ్మలు ఉతకడానికి ఆశపడకుండా పారేయండి. తర్వాత డిటర్జెంట్ నీళ్లతో రుద్ది కడగండి, మూలలు, తలుపు కింది అంచు, పంజరం కడ్డీల అడుగు వదలకుండా. మంచినీళ్లతో కడిగి, నిలిచిన నీళ్లు లాగేయండి. ఇదంతా అయ్యాకే బ్లీచ్. మురికి మీద బ్లీచ్ పోస్తే దాని బలమంతా ఆ మురికి మీదే అయిపోతుంది, వైరస్ దాకా చేరదు. పైపు ఒత్తిడితో మలం మీద నేరుగా నీళ్లు కొట్టవద్దు, తుంపర్లు గోడలకు, పక్క గదులకు చేరతాయి.

పాళ్లు ఇలా: 5 శాతం బ్లీచ్ అయితే లీటరు నీటికి 33 మిల్లీలీటర్లు, 10 లీటర్ల బకెట్‌కు 330. సీసా మీద 10 శాతం అని ఉంటే అందులో సగం, లీటరుకు 17 చాలు. లిక్విడ్ దొరకకపోతే, క్లోరిన్ 30 శాతం ఉన్న తాజా బ్లీచింగ్ పౌడర్ లీటరుకు 6 గ్రాములు కలిపి, తేరిన నీళ్లు వాడండి. తెరిచి ఉంచిన పౌడర్ చెమ్మకు, గాలికి బలం కోల్పోతుంది. ఘాటు పోయి గడ్డకట్టిన పౌడర్‌ను నమ్ముకోవద్దు.

కలిపిన నీళ్లు ఏ రోజువి ఆ రోజే. నిన్నటి బకెట్ పారబోయండి. నేల 10 నిమిషాల పాటు తడిగానే ఉండాలి, గడియారం చూసుకోండి. ఎండాకాలంలో నాలుగైదు నిమిషాలకే ఆరిపోతుంది, అప్పుడు మళ్లీ తడపాలి. పది నిమిషాలయ్యాక మంచినీళ్లతో బాగా కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. తడి బ్లీచ్ నేల మీద కుక్కను వదిలితే పాదాలు మండుతాయి, అవి నాకుతాయి కూడా.

హెచ్చరిక: బ్లీచ్‌లో ఇంకేదీ కలపవద్దు. ఫినాయిల్ వద్దు, టాయిలెట్ కడిగే యాసిడ్ అసలే వద్దు, విషవాయువు వస్తుంది. మూత్రంలో అమ్మోనియా ఉంటుంది కాబట్టి మూత్రం నిలిచిన చోట ముందు నీళ్లతో కడిగాకే బ్లీచ్ వాడండి. ఊపిరి ఆడనట్టు అనిపిస్తే పని వదిలేసి బయటికి వచ్చేయండి.

స్టీలు గిన్నెలు కూడా ఇదే తీరు: సబ్బు, నీళ్లు, పది నిమిషాలు బ్లీచ్ నీళ్లలో, మళ్లీ మంచినీళ్లు. గీతలు పడ్డ ప్లాస్టిక్ గిన్నెలు పారేయండి. తలుపు గడియలు, లైటు స్విచ్‌లు, గేటు పక్కన మేకుకు వేలాడే లీష్‌లు, మీ ఫోన్ కవరు, ఇవి చాలామంది మర్చిపోతారు. ముఖ్యంగా ఆ లీష్‌లు. రోజంతా నేల మీద ఈడ్చి, సాయంత్రం అన్నీ ఒకే మేకుకు తగిలిస్తారు. వాటిని ఒక సంచిలో కట్టి పారేసి కొత్తవి తెచ్చుకోవడమే తేలిక.

అడుగు 7. రోజు పని ఏ వరసలో చేయాలి

ఇద్దరు మనుషులుంటే ఒకరు జబ్బు గదికే, ఇంకొకరు మిగతావాటికే. ఒక్కరే ఉంటే మూడో గుంపు, తర్వాత రెండో గుంపు, చివర్లో జబ్బు గది, ఆ తర్వాత స్నానం. ఈ వరస ఎప్పుడూ వెనక్కి తిరగకూడదు. జబ్బు గదిలోకి వెళ్లాక మూడో గుంపులో కుక్క మొరిగిందని పరుగెత్తవద్దు. ప్రతి గుంపులోనూ ముందు పిల్లలు, తర్వాత పెద్దవి.

తలుపు దగ్గర కాళ్లు ముంచే బ్లీచ్ తొట్టి పెట్టేవాళ్లున్నారు. దాన్ని నమ్ముకోవద్దు. ఒక్క క్షణం ముంచితే వైరస్ చావదు, మట్టి చేరిన కొద్దీ ఆ నీళ్ల బలమూ పోతుంది. గదికొక జత బూట్లు పెట్టడమే సరైన పని.

అడుగు 8. పద్నాలుగు రోజుల పరిశీలన

రెండో గుంపులో ఒక్కో కుక్కకు ఒక్కో పేజీ. పొద్దున, సాయంత్రం రాయండి: ఎంత తింది, వాంతి, మలం తీరు, చురుకుదనం, ఉష్ణోగ్రత. మామూలు ఉష్ణోగ్రత 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్, అంటే 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ వరకు. దానికి మించినా, తగ్గినా వెట్‌కు చెప్పండి. ఉన్న జ్వరం ఒక్కసారిగా దిగి మామూలు కంటే తక్కువకు పడిపోవడం కోలుకుంటున్న గుర్తు కాదు, అది ప్రమాదం.

చిగుళ్లు చూడటం నేర్చుకోండి. పై పెదవి మెల్లగా ఎత్తి, పంటి పైన చిగురు మీద వేలితో నొక్కి వదలండి. నొక్కిన చోట తెల్లబడి, రెండు సెకన్లలోపు మళ్లీ గులాబీ రంగు రావాలి. ఆలస్యమైతే, లేదా చిగుళ్లు పాలిపోయి వేలికి జిగటగా, పొడిగా తగిలితే ఒంట్లో నీళ్లు తగ్గిపోయాయని అర్థం. ఆరోగ్యంగా ఉన్నప్పుడే ప్రతి కుక్క చిగుళ్లు ఒకసారి చూసి ఉంచుకోండి. కొన్నిటికి నల్లటి చిగుళ్లు ఉంటాయి, వాటికి కింది కనురెప్ప లోపలి రంగు చూడాలి.

ఈ గుంపులో ఒక్క కుక్కకు జబ్బు వచ్చినా, దానితో కలిసిన మిగతావాటికి ఆ రోజు నుంచి లెక్క మళ్లీ మొదలు. అందుకే రెండో గుంపును కూడా ఒకే హాల్లో వదలకుండా ఒక్కొక్కటిగానో, ఒకే ఇంటివి అయితే జంటగానో ఉంచమంటాను.

అడుగు 9. మట్టి, గడ్డి

సిమెంటు నేలను కడగగలం గానీ మట్టిని శుద్ధి చేయలేం. బ్లీచ్ పోస్తే గడ్డి చస్తుంది, వైరస్ మిగులుతుంది. కనిపించిన మలమంతా తీసేసి, నీడ ఇచ్చే కొమ్మలు కొట్టించి, ఎండ బాగా పడేలా చేయండి. ఎండ, పొడిదనం వైరస్‌ను తగ్గిస్తాయి, నీడ, తేమ కాపాడతాయి. వ్యాక్సిన్లు పూర్తయిన పెద్ద కుక్కల్ని కొంతకాలం తర్వాత వదలవచ్చు. డోసులు పూర్తికాని పిల్లల్ని మాత్రం ఒక ఏడాది దాకా ఆ మట్టి మీద దించవద్దు. వాటికి కడగడానికి వీలైన సిమెంటు జాగా ఒకటి కేటాయించండి.

అడుగు 10. కోలుకున్న పిల్లను పంపడం

తిని, ఆడి, గట్టి మలం వేసిన పిల్లను చూస్తే అందరికీ ప్రాణం లేచొస్తుంది. వెంటనే మిగతావాటితో కలపవద్దు. కోలుకున్నాక కూడా దాదాపు రెండు వారాల పాటు మలంలో వైరస్ రావచ్చు. పంపే రోజు షాంపూతో స్నానం చేయించండి, ముఖ్యంగా తోక కింద, వెనుక కాళ్ల బొచ్చు, వేళ్ల మధ్య. ఒళ్లు ఆరాక కొత్త లీష్ వేసి, జబ్బు గదిలోకి మళ్లీ అడుగుపెట్టకుండా నేరుగా యజమాని చేతికి ఇవ్వండి.

తరచుగా జరిగే మరికొన్ని పొరపాట్లు

ఫినాయిల్ వాసన వస్తే శుభ్రమైనట్టు అనుకోవడం అన్నిటికంటే ఎక్కువగా కనిపించే పొరపాటు. ఫినాయిల్ వాసన ఎంత ఘాటుగా ఉన్నా పార్వో విషయంలో దాన్ని నమ్మలేం.

కంటితో చూసి బ్లీచ్ పోయడం ఇంకొకటి. తక్కువైతే పనిచేయదు, ఎక్కువైతే కుక్కల కళ్లు, ముక్కులు మండుతాయి. జార్‌తో కొలవండి.

జబ్బు పిల్లను చూడటానికి వచ్చిన యజమాని, బయటికి వెళ్తూ పక్క గదిలో కుక్కను నిమరడం. ఎవరూ చెప్పకపోతే ఎవరైనా అలాగే చేస్తారు. వచ్చేవాళ్లకు గౌను, గ్లౌజులు ఇచ్చి, ఒక మనిషి వెంట ఉండి తీసుకొచ్చి, తీసుకెళ్లాలి.

పెద్ద కుక్కలకు రాదనుకోవడం. తక్కువగా వస్తుంది గానీ, ఎప్పుడూ వ్యాక్సిన్ వేయించని పెద్ద కుక్కకు రావచ్చు.

పని సరిగా జరిగిందో లేదో ఎలా తెలుసుకోవాలి

కడిగి ఆరిన గదిలో తెల్ల గుడ్డ తడిపి మూలల్లో, కడ్డీల అడుగున, తలుపు అంచున రుద్దండి. గుడ్డకు మురికి అంటితే బ్లీచ్ అక్కడ పనిచేసి ఉండదు, మొదటి నుంచి మళ్లీ చేయండి. బ్లీచ్ నీళ్ల బలం చూడటానికి క్లోరిన్ పరీక్ష కాగితాలు దొరుకుతాయి. ఈ పాళ్లలో క్లోరిన్ 1,600 పీపీఎం (పది లక్షల వంతుల్లో 1,600 వంతులు) పైన ఉంటుంది కాబట్టి అంత దాకా చూపించే కాగితాలే కొనండి, తాగునీటికి వాడేవి పనికిరావు.

గదుల సంగతి అలా ఉంచితే, అసలైన పరీక్ష రోజుల లెక్కే. చివరి జబ్బు పిల్ల బయటికి వెళ్లి, దాని గది పూర్తిగా కడిగిన రోజు నుంచి 14 రోజులు కొత్త కేసు రాకపోతే తెరవవచ్చు. తెరిచేటప్పుడు కూడా మొదటి కొన్ని వారాలు పూర్తి వ్యాక్సిన్లు అయిన పెద్ద కుక్కల్నే తీసుకోండి.

ఇకముందు చేర్చుకునేటప్పుడు

చివరి పార్వో డోసు 16 వారాలకు గానీ ఆ తర్వాత గానీ వేశారా, వేసి కనీసం రెండు వారాలైందా అని కార్డులో చూసి గానీ పిల్లను తీసుకోకండి. ముందురోజు డోసు వేయించి తీసుకొచ్చే యజమానులుంటారు, వాళ్లకు ఓపిగ్గా చెప్పి తిప్పి పంపండి. చేరేటప్పుడే ఒక కాగితం మీద సంతకం తీసుకోండి: అత్యవసరమైతే ఏ ఆసుపత్రి, ఎంత ఖర్చు దాకా మీరు నిర్ణయం తీసుకోవచ్చు, యజమాని ఫోన్ ఎత్తకపోతే ఎవరికి చేయాలి. రాత్రి పదకొండింటికి పిల్ల వాంతి చేసుకుంటున్నప్పుడు ఈ కాగితం విలువ తెలుస్తుంది.

పిల్ల దక్కకపోతే ఆ యజమానికి మీరు చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. ఆ పిల్ల జబ్బుతో ఇంట్లో కూడా గడిపి ఉంటే, లేదా దాని పరుపు, బొమ్మలు ఇంటికి తిరిగి వెళ్లి ఉంటే, ఆ ఇంట్లో, పెరట్లో వైరస్ ఇంకా ఉండవచ్చు. దుఃఖంలో చాలామంది నెల తిరగకుండానే ఇంకో చిన్న పిల్లను తెచ్చుకుంటారు, అది కూడా అదే జబ్బు పడుతుంది. నేలను పైన చెప్పినట్టు కడగమనండి, గుడ్డ వస్తువులు పారేయమనండి, తెచ్చుకుంటే డోసులన్నీ పూర్తయి రెండు వారాలు గడిచిన కుక్కనే తెచ్చుకోమనండి. ఆ మాట మొదటి రోజే చెప్పకుండా, ఒక వారం ఆగి ఫోన్ చేసి చెప్పండి.